ఎక్కడ వేసినా పండే వరి రకం ఎందుకు దొరకదు?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటుంటే దిద్దండి. మీకు ఒడిశా గజపతి జిల్లా కాశీనగరం దగ్గర 3 ఎకరాల పల్లం, 2 ఎకరాల గరువు (మెరక భూమి) ఉన్నాయి. మీ మేనమామగారు కోరాపుట్ జిల్లా సెమిలిగుడ దగ్గర కొండల మధ్య ఝోలా భూమి, అంటే వాగు వెంట తడి భూమి, చేస్తున్నారు. నాన్నగారు మూడు చోట్లా స్వర్ణ రకం వరే వేయమంటున్నారు. గరువులో తాలు ఎక్కువ వస్తోంది, పైన కొండ మీద కంకి సగం ఖాళీగా ఉంటోంది. ఇన్ని పరిశోధన కేంద్రాలు ఉండి కూడా అన్ని చోట్లా బాగా పండే ఒక్క రకాన్ని ఎందుకు తీయలేకపోతున్నారు, అసలు అలాంటి దాన్ని ఎలా వెతుకుతారు అని అడిగారు.

సూటిగా చెప్తాను. అన్ని చోట్లా మొదటి స్థానంలో నిలిచే వరి రకం లేదు, రాదు కూడా. చాలా చోట్ల రెండో మూడో స్థానంలో నిలిచి, చెడ్డ ఏడాదిలో కూడా ఇంటికి గింజ తెచ్చే రకాలు మాత్రం ఉన్నాయి. కొత్త రకాలు తయారుచేసే బ్రీడర్లు వెతికేది నిజానికి వాటినే. మీ మూడు చేల తేడాలో పెద్ద వాటా పంట కాలపరిమితిది. తెగుళ్లు, ఎరువులు, విత్తనం నాణ్యత ఆ తర్వాత వస్తాయి.

నా సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఈయనెవరు అనుకుంటారు. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కాగితం మీద ఇంగ్లీషు. 1989లో వరి ప్రయోగ చేలల్లో క్షేత్ర సహాయకుడిగా చేరాను. తర్వాత వంగడాల విభాగంలోకి మారి 2021లో రిటైరయ్యాను. పెద్ద శాస్త్రవేత్తని కాను. కానీ కొన్ని వేల వరుసల్ని పూతకి వచ్చిన రోజు నుంచి కోత దాకా నోట్‌బుక్కులో రాసుకున్నవాణ్ణి. కింద చెప్పేదంతా ఆ నోట్‌బుక్కు లెక్క.

మనం "ఊరు" అంటాం, వరి "మడి" అంటుంది. మీ ఊళ్లోనే గరువు నుంచి పల్లానికి దిగితే మూడు నాలుగు వాతావరణాలు మారతాయి. గరువులో వాన ఆగిన వారం పది రోజులకి మడి పగుళ్లిస్తుంది. మధ్య పొలంలో ఇంకో రెండు మూడు వారాలు తడి ఉంటుంది. అడుగు పల్లంలో కార్తీకంలో కూడా కాలు దిగబడుతుంది. కోరాపుట్ వైపు వెళ్తే అక్కడివాళ్లు దీనికి పేర్లే పెట్టుకున్నారు: కొండ వాలుకి డొంగర్, నడిమి భూమికి బెడా, వాగు వెంట మెట్లు మెట్లుగా దిగే తడి భూమికి ఝోలా. ఆ పైన ఎత్తు ఒకటుంది. సెమిలిగుడ సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. మీ కాశీనగరంలో చొక్కా విప్పి పడుకునే రాత్రి అక్కడ దుప్పటి కప్పుకుంటారు.

ఇప్పుడు కాలపరిమితి లెక్క. ఇది పట్టుబడితే సగం ప్రశ్నలకి మీరే జవాబు చెప్పుకోవచ్చు.

వరి ఏ రకమైనా పూత నుంచి కోతకి సుమారు 30 రోజులు. చిరుపొట్ట కట్టడం (కాండం లోపల కంకి పుట్టడం) మొదలైన దగ్గర్నుంచి పూతకి ఇంకో 35 రోజులు. ఈ 65 రోజులూ రకం మారినా పెద్దగా మారవు. మారేదంతా దానికి ముందు, అంటే మొలిచి, పిలకలు వేసే దశ. స్వర్ణ 145–150 రోజుల పంట, కాబట్టి దానికి ఈ మొదటి దశ 80–85 రోజులు. 105 రోజుల రకానికి అదే దశ 40 రోజులు.

జూన్ 15న విత్తనం జల్లారనుకోండి. స్వర్ణ పూతకి వచ్చేది అక్టోబరు 8 ప్రాంతంలో. మన వైపు నైరుతి వానలు వెనక్కి తగ్గేది అక్టోబరు నడిమికి. పల్లంలో ఇది చక్కగా కుదురుతుంది. పూత నాటికి మడిలో నీళ్లుంటాయి, పాలు పోసుకునేటప్పుడు ఎండ ఉంటుంది, కోత నాటికి నేల ఆరుతుంది. గరువులో మాత్రం పూతకి రాగానే నీళ్లు అయిపోతాయి. వరికి దాహం తట్టుకోలేని దశ ఏదంటే పూతకి కాస్త ముందూ వెనకా ఉండే ఆ మూడు వారాలే. మీ గరువులో తాలు రావడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

పోనీ 105 రోజుల రకాన్ని పల్లంలో వేద్దామా? జూన్ 15న జల్లితే సెప్టెంబరు ఆఖరికి కోతకి వస్తుంది. అప్పుడు పల్లంలో మోకాలి లోతు నీళ్లు, పైన వాన. చేను పడిపోతుంది, వెన్నులోనే గింజ మొలకెత్తుతుంది. చుట్టుపక్కల ఇంకెక్కడా గింజ లేదు కాబట్టి పిట్టలన్నీ మీ చేనుకే భోజనానికి వస్తాయి. గరువులో వరమైన గుణమే పల్లంలో శాపమైంది. రెండు రకాల్లోనూ లోపం లేదు.

ఇంకో చిన్న విషయం, కానీ స్వర్ణ ఇంత దూరం పాకడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం. వాన ఆలస్యమై ఉభాలు (నాట్లు) వెనకబడ్డాయనుకోండి. ఆకుమడిలో నారు 40, 45 రోజులదైపోతుంది. 105 రోజుల రకానికి అప్పటికే మొదటి దశ అయిపోయింది, ఆకుమడిలోనే పొట్ట కట్టడానికి సిద్ధమవుతుంది. నాటితే రెండు పిలకలు వేసి చిన్న కంకి చూపించి ఊరుకుంటుంది. స్వర్ణకి ఇంకా 40 రోజులు చేతిలో ఉంటాయి, కోలుకుంటుంది. కాలవ చివరి పొలాల రైతులు, చెరువు నిండే దాకా ఎదురుచూసే రైతులు దాన్ని వదలకపోవడం మొండితనం కాదు. మీ నాన్నగారి మాటలో కూడా ఈ అనుభవం ఉండి ఉంటుంది, తీసిపారేయకండి.

ఇక మేనమామగారి చేను. అక్కడ చలి వల్ల పంట నెమ్మదిగా నడుస్తుంది, మనకి అక్టోబరు రెండో వారంలో వచ్చే పూత అక్కడ నెలాఖరు దాటి నవంబరులోకి జరుగుతుంది. పొట్ట దశలో రాత్రి చలి 15 డిగ్రీల దరికి వస్తే పుప్పొడి చెడిపోతుంది. కంకి బయటికి చక్కగానే వస్తుంది, నొక్కి చూస్తే ఖాళీ. ఇది తెగులు అనుకుని మందు కొట్టేవాళ్లని చాలామందిని చూశాను. ఝోలాలో ఇంకో తంటా కూడా ఉంది. కొండల నుంచి ఊరే నీళ్లతో ఇనుము దిగి మడిలో చేరుతుంది. అడుగు ఆకులు తుప్పు పట్టినట్టు గోధుమ రంగుకి తిరుగుతాయి, వేర్లు నల్లబడతాయి. దాన్ని తట్టుకోవడంలో రకానికీ రకానికీ చాలా తేడా ఉంటుంది. ఆ ఝోలాల్లో తరతరాలుగా పండుతున్న నాటు రకాలు ఊరికే అక్కడ మిగల్లేదు. కోరాపుట్ జిల్లా జయపురం చుట్టుపక్కల ప్రాంతాన్ని వరి వైవిధ్యానికి పుట్టిళ్లలో ఒకటిగా శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో లెక్కిస్తున్నారు. 1950ల్లో కటక్ వరి పరిశోధన సంస్థ వాళ్లు ఊరూరా తిరిగి నాటు రకాలు సేకరించారు. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వ వ్యవసాయ వ్యవస్థల్లో చేర్చింది. ఈ గుర్తింపులన్నీ బాగానే ఉన్నాయి గానీ, మీ మేనమామగారికి పనికొచ్చే ముక్క ఒకటే: పక్క ఝోలాలో ముసలాయన ఏం వేస్తున్నాడో ముందు చూడమనండి.

అసలు బ్రీడర్లు ఎలా వెతుకుతారో చెప్తాను. రెండు రకాల్ని సంకరం చేస్తారు. రెండో తరంలో గుణాలన్నీ విడిపోతాయి, వేల మొక్కల్లోంచి ఎంచుకుంటూ ఆరేడు తరాలు పోతే గుణాలు స్థిరపడతాయి. ఇక్కడి దాకా అందరికీ తెలిసిన కథే. గొడవ మొదలయ్యేది ఆ తర్వాత. అలా స్థిరపడ్డ సంతానాల్ని, మా మాటలో వరుసల్ని, చాలా చోట్ల ఒకేసారి వేసి చూడాలి. మన దేశంలో ఈ పనికి 1965లో హైదరాబాద్ కేంద్రంగా అఖిల భారత సమన్వయ వరి పరిశోధన పథకం మొదలైంది. విత్తనాల సంచీ మీద రకం పేరు పక్కన ఐఈటీ అని ఒక నంబరు కనిపిస్తుందే, అది ఈ పరీక్షల్లోకి ప్రవేశించినప్పుడు ఇచ్చేది. మొదటి ఏడాది ప్రాథమిక పరీక్ష, నెగ్గినవాటికి తర్వాత రెండేళ్లు ముందంజ పరీక్షలు, ప్రతిచోటా అప్పటికే పేరున్న రకాల పక్కన పెట్టి పోలుస్తారు.

అంకెలు వచ్చాక ఏం చేస్తారో ఒక ఉత్తుత్తి లెక్కతో చెప్తాను. ఈ అంకెలు నేను వేసుకున్నవి, ఏ రకానివీ కావు.

'క' రకం పల్లంలో ఎకరానికి 24 క్వింటాళ్లు, గరువులో 6 పండింది. 'ఖ' రకం పల్లంలో 18, గరువులో 12. రెండింటి సగటూ 15. సగటు మాత్రమే చూసేవాడికి రెండూ ఒకటే! కానీ మీ 3 ఎకరాల పల్లం, 2 ఎకరాల గరువు లెక్కలో పెట్టండి. అంతా 'క' వేస్తే 84 క్వింటాళ్లు. అంతా 'ఖ' వేస్తే 78. పల్లంలో 'క', గరువులో 'ఖ' వేస్తే 96. ఎక్కడైనా పండే ఒక్క రకం కోసం వెతకడం కన్నా ఎక్కడిది అక్కడ వేస్తే వచ్చే లాభం అది. ప్లేసు మారగానే రకాల వరుస తారుమారవడం అనే ఈ సంగతే బ్రీడర్లకి అన్నిటికన్నా పెద్ద తలనొప్పి.

ఈ తలనొప్పిని కొలవడానికి 1963లో ఫిన్లే, విల్కిన్సన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలో బార్లీ మీద ఒక పద్ధతి చెప్పారు. 1966లో ఎబర్‌హార్ట్, రస్సెల్ దాన్ని ఇంకాస్త పొడిగించారు. మేం చేరిన రోజుల్లో క్యాలిక్యులేటర్ పట్టుకుని వేసింది ఈ లెక్కే. ఆలోచన చాలా సులువు. ప్రతి చోటునీ అక్కడ అన్ని రకాల సగటు దిగుబడితో కొలవండి. పైన మన లెక్కలో పల్లం సగటు 21, గరువు సగటు 9, తేడా 12. చోటు 12 మెరుగైతే 'క' 18 పెరిగింది, అంటే కాగితం మీద గీత గీస్తే దాని వాలు 18 భాగించు 12, 1.5. 'ఖ' 6 పెరిగింది, వాలు 0.5. వాలు 1కి దగ్గరుంటే చోటుతో పాటు నడిచే రకం. 1 దాటితే నీళ్లూ ఎరువూ బాగా ఉన్నచోట దుమ్ము రేపే రకం, లేనిచోట చతికిలబడేది. 1 కన్నా తక్కువైతే పేదింట్లో కూడా సర్దుకుపోయే రకం. ఆ గీత నుంచి అంకెలు ఎంత అటూ ఇటూ చెదిరాయో అది రెండో కొలత. చెదురు ఎక్కువుంటే ఆ రకం ప్రవర్తన ముందుగా చెప్పలేం. ఇప్పుడు కంప్యూటర్లో అమ్మీ అని, జీజీఈ బైప్లాట్ అని బొమ్మలు గీసే పద్ధతులొచ్చాయి. ఏ చోటు ఏ చోటుకి చుట్టమో, ఎక్కడ ఏది నెగ్గిందో ఒక్క చూపులో కనిపిస్తుంది. మంచివే. కానీ బొమ్మ రంగురంగులుగా ఉందని నమ్మేయకూడదు, దాని కింద ఉన్నది రెండు మూడేళ్ల వానలే.

ఈ లెక్కలో రెండు ఉచ్చులున్నాయి. రెంటిలోనూ మేం పడ్డాం.

ఒకటి, "స్థిరమైన రకం" అనే మాట. ఎక్కడ వేసినా, ఏ ఏడాదైనా 8 క్వింటాళ్లే పండే రకం లెక్క ప్రకారం చాలా స్థిరమైనది. పెళ్లికి తీసుకెళ్లినా చావుకి తీసుకెళ్లినా ఒకే మొహం పెట్టే మనిషి లాంటిదన్నమాట. కాబట్టి ముందు సగటు చూడాలి, ఆ తర్వాతే వాలు. నేనైతే మూడోది కూడా చూసేవాణ్ణి: ఆ రకం పరీక్షించిన చోట్లన్నిటిలో అతి తక్కువ పండినచోట ఎంత పండింది? రైతు గుర్తుపెట్టుకునేది ఆ అంకెనే. మంచి ఏడాదిలో రెండు బస్తాలు తగ్గితే ఎవరూ తిట్టరు.

రెండు, ఎంచుకునే చేను. పరిశోధన కేంద్రం చేను బల్లపరుపుగా ఉంటుంది, నీరు కట్టేవాడు ఉంటాడు, యూరియా టైముకి పడుతుంది. అక్కడ ఆరు తరాలు ఎంచుకుంటూ పోతే మనకి తెలియకుండానే ఆ చేనుకి నచ్చిన మొక్కల్నే ఎంచుకుంటాం. 1990ల చివర్లో మా దగ్గర ఒక వరుస రెండేళ్లు వరసగా మొదట నిలిచింది. ఆకు నిటారుగా, కంకి నిండుగా, చూడ్డానికి పెళ్లికొడుకులా ఉండేది. దాన్ని నేనే నెత్తిన పెట్టుకున్నాను. రైతుల గరువుల్లో ఆరు చోట్ల వేశాం. ఐదు చోట్ల పక్కన ఉన్న నాటు రకం దాన్ని ఓడించింది. ఒక రైతు మొహమాటానికి "బాగానే ఉంది సార్" అని, మరుసటి ఏడాది ఆ విత్తనం కోళ్లకి వేశాడు. ఆ ఏడాది నేను నేర్చుకున్నది, కరువుకి రకం కావాలంటే కరువులోనే ఎంచుకోవాలి. హజారీబాగ్ కేంద్రం, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన సహభాగీ ధాన్ అలా నీటి ఎద్దడి పెట్టి, అందులో వచ్చిన దిగుబడినే చూసి ఎంచినదే. సుమారు 105 రోజుల పంట. మీ గరువుకి నేను ముందు చెప్పే పేరు అదే.

కాలపరిమితి కాక తారుమారు చేసే ఇంకో పెద్ద కారణం పురుగు. మన వైపు దీనికి ఉల్లికోడు కన్నా మంచి ఉదాహరణ లేదు. పిలక ఉల్లికాడలా గొట్టమై పోతుంది చూడండి, అదే. 1977లో విడుదలైన ఫల్గుణ రకం సియాం 29 అనే ఇంకో వరి నుంచి వచ్చిన జన్యువుతో ఉల్లికోడుని తట్టుకునేది, బాగా పాకింది. 1980ల నడిమికి వచ్చేసరికి శ్రీకాకుళం, విజయనగరం వైపు దాని మీద కూడా గొట్టాలు మొదలయ్యాయి. పరీక్షిస్తే తేలిందేమిటంటే, పురుగు చూడ్డానికి ఒకటే గానీ లోపల తరహాలు వేరు. కటక్, సంబల్‌పూర్ వైపు ఉన్నది రెండో తరహా, శ్రీకాకుళం వైపు ఉన్నది నాలుగో తరహా. ఫల్గుణలో ఉన్న జన్యువు రెండో తరహాకి సరిపోతుంది, నాలుగో దానికి చాలదు. విచిత్రం ఏమిటంటే ఆ నాలుగో తరహానే ఇక్కడికి ఎంతో దూరంలో ఉన్న మహారాష్ట్ర భండారా జిల్లాలో కూడా కనిపించింది. మీ గజపతి జిల్లా కాగితం మీద ఒడిశాలో ఉంది గానీ చేలు శ్రీకాకుళం చేలని ఆనుకుని ఉన్నాయి, పురుగుకి చెక్‌పోస్టు లేదు. అందుకే మా వైపు వాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది, భువనేశ్వర్ జాబితాతో పాటు శ్రీకాకుళం దగ్గరి రాగోలు కేంద్రం సిఫారసులు కూడా చూడమని. రాగోలులో పుట్టిన శ్రీకాకుళం సన్నాలు మన పొలాల్లో కనిపించడం యాదృచ్ఛికం కాదు.

అన్ని చోట్లా పండేది లేదన్నారు, మరి స్వర్ణ ఇంత విస్తారంగా ఎలా పండుతోంది అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. స్వర్ణ 1982లో పశ్చిమ గోదావరి మార్టేరులో విడుదలైంది, ఎంటీయూ 7029. వశిష్ట, మసూరి దాని తల్లిదండ్రులు. ఆ మసూరి మలేషియాలో విడుదలైన రకమే గానీ, దాని మూలం 1950ల్లో కటక్‌లో ఇండికా, జపానికా వరుల్ని కలిపిన పథకంలో ఉంది. కటక్‌లో మొదలై, సముద్రం దాటి, గోదావరి జిల్లాలో కోడలై, మళ్లీ ఒడిశాకి పుట్టింటికి వచ్చిందన్నమాట. ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్ పల్లపు పొలాలన్నిటికీ పాకింది. అయితే మ్యాపు మీద అది విస్తారంగా కనిపిస్తున్నా, వరి లెక్కలో అది ఒకే రకం చోటు: వానాకాలం, లోతు తక్కువ పల్లం, నవంబరు దాకా తడి. వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు పల్లాలు చుట్టాలు, మీ సొంత పల్లం, గరువు పరాయివి. ఎంటీయూ 1010 కూడా ఇలాగే చాలా రాష్ట్రాలకి పాకింది, దాని చోటు వేరు. 120 రోజులది, నీటి వసతి ఉన్న మధ్య పొలం, దాళ్వా (రెండో పంట).

ఇప్పుడు బ్రీడర్లు నడుస్తున్న దారి ఇంకొకటి. కొత్త రకాన్ని మొదటినుంచి వెతక్కుండా, పేరున్న రకంలో ఉన్న ఒక్క బలహీనతని పూడ్చడం. ఒడిశాలో ధళపుటియా అనే నాటు వరి నుంచి ఎంచిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే రకం ముంపుని తట్టుకుంటుంది. అందులోని సబ్1 జన్యువుని 2006 నాటికి పూర్తిగా విప్పారు. దాన్ని స్వర్ణలోకి ఎక్కించి, మిగతా గుణాలన్నీ స్వర్ణవే ఉండేలా మళ్లీ మళ్లీ స్వర్ణతోనే సంకరం చేశారు. 2009లో స్వర్ణ సబ్1 వచ్చింది. ఇది పనిచేసే తీరు నాకు చాలా ఇష్టం. మామూలు వరి మునిగితే గాలి కోసం కంగారుపడి పైకి సాగుతుంది, ఉన్న బలమంతా ఖర్చుపెట్టుకుని, నీళ్లు తీశాక చతికిలబడి చస్తుంది. సబ్1 ఉన్నది సాగకుండా బిగబట్టుకుని కూర్చుంటుంది. నీళ్లు తీసిన వారానికి కొత్త ఆకు వేస్తుంది.

కానీ దీనికి హద్దులున్నాయి, అమ్మేవాళ్లు ఇవి చెప్పరు. పూర్తిగా మునిగినా సుమారు రెండు వారాలు తట్టుకుంటుంది, అదీ పిలక దశలో. పూత మీద మునిగితే ఏ సబ్1 కాపాడదు. మోకాలి లోతు నీళ్లు నెలల తరబడి నిలిచినా దీని వల్ల ఉపయోగం లేదు, అది వేరే సమస్య. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు వంశధార, మహేంద్రతనయ పొంగాయి. మా బంధువుల పల్లంలో స్వర్ణ సబ్1 సరిగ్గా పూత మీద ఉంది. నీళ్లు మూడు రోజులే నిలిచాయి. గాలికి పుప్పొడి రాలి, బురద కంకికి పట్టి, కోసింది గడ్డికే పనికొచ్చింది. పక్క మడిలో జూలై రెండో వారంలో ఆలస్యంగా జల్లిన అదే విత్తనం ఇంకా పొట్టలో ఉండి చాలా మటుకు బతికింది. రకం ఒకటే, చేను గట్టు ఒకటే, విత్తిన తేదీ వేరు. మన తీరానికి అక్టోబరు తుఫాన్లు కొత్త కాదు (2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, రెండూ అక్టోబరు 12నే). అందుకే పల్లమంతా ఒకే రోజు పూతకి వచ్చేలా వేయడం నాకు టెన్షన్.

ముంపుతో పాటు బెట్టని కూడా తట్టుకునేలా స్వర్ణ రక్తంలోనే సీఆర్ ధాన్ 801 లాంటివి కటక్ నుంచి వచ్చాయి. 2025 మేలో జన్యు సవరణతో చేసిన రెండు రకాల్ని ప్రకటించారు. వాటిలో సాంబ మసూరి నుంచి చేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100 దాదాపు 20 రోజులు ముందు కోతకి వస్తుందన్నారు. దిగుబడి ఎంత పెరిగిందన్న అంకె గురించి అందరూ మాట్లాడుతున్నారు, నాకు మాత్రం ఆ 20 రోజుల మీదే కన్ను.

రుచి, ధర గురించి మీరు అడగలేదు గానీ ఒక్క ముక్క. రకం నిలబడేది చేనులోనే కాదు. మా ఒడియా ఇరుగుపొరుగుకి పఖాళకి (నీళ్లలో నానిన చద్దన్నానికి) ఉప్పుడు బియ్యం కావాలి, స్వర్ణ దానికి బాగా కుదురుతుంది. మన ఇళ్లలో పచ్చి బియ్యం, సన్నంగా కావాలి. ఒకసారి దిగుబడిలో మొదట నిలిచిన రకాన్ని ఊళ్లో ఆడవాళ్లు గింజ చూసి, వండి చూసి, "అన్నం సాయంత్రానికి రాయవుతోంది" అని ఒక్క మాటతో కొట్టేశారు. మా స్టాటిస్టిక్స్‌లో ఆ గడి లేదు. కోరాపుట్ కాలాజీరా అనే సువాసన వరికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని మైదానానికి తెచ్చి వేసినవాళ్లని ఎరుగుదును. పండింది, కానీ వాసన పలచబడింది. గింజ గట్టిపడే వేళ చల్లదనం ఉంటేనే ఆ సువాసన నిలుస్తుంది.

సరే, మీరు ఈ ఖరీఫ్‌కి ఏం చేయాలి? మేనమామగారి చేనుకి స్వర్ణ మానిపించండి. అక్కడి నాటు రకం ఒకటి, చలి ముదిరే లోపు పూత అయిపోయే 120–125 రోజుల రకం ఒకటి పక్కపక్కన వేయమనండి. గరువులో సహభాగీ ధాన్ లేదా ఖండగిరి లాంటి తక్కువ రోజులది వేయండి, నారు 21 రోజులు దాటకుండా నాటండి. ఉభాలు కుదరకపోతే వెద జల్లుకోవడమే మేలు. పల్లంలో నాన్నగారి మాటే ఉంచండి, కాకపోతే మూడెకరాల్నీ మూడు చారలుగా విడదీయండి: ఒకటి స్వర్ణ, రెండోది స్వర్ణ సబ్1 రెండు వారాలు ఆలస్యంగా, మూడోది మీరు పరీక్షించాలనుకున్న కొత్తది. చారలు గరువు వైపు నుంచి పల్లం వైపుకి నిలువుగా ఉండాలి. అడ్డంగా వేస్తే రకం తేడానో మడి తేడానో తెలీదు. ఈ చిన్న తప్పు వల్ల పెద్ద పెద్ద కేంద్రాల్లో కూడా ఏడాది పని వృథా కావడం చూశాను.

రాసుకోవాల్సినవి నాలుగే: విత్తిన తేదీ, చేనులో సగం కంకులు బయటపడ్డ తేదీ, ఆఖరి మంచి వాన తేదీ, మడిలో తడి ఆరిన తేదీ. కోతప్పుడు గట్టుకి దూరంగా, మధ్యలో 5 మీటర్లు పొడవు 5 మీటర్లు వెడల్పు తాడు కట్టి ఆ మేరకే విడిగా కోసి, నూర్చి, ఎండబెట్టి తూచండి. వచ్చిన కిలోల్ని 162తో గుణిస్తే ఎకరం దిగుబడి వస్తుంది. బాగా పండినచోట తాడు కట్టాలనిపిస్తుంది, ఆ పని చేయకండి. తాడు ఎక్కడ పడాలో కోతకి ముందే చీటీ వేసి తేల్చండి. రెండేళ్లు ఇలా రాస్తే మీ ఐదెకరాల గురించి ఏ బులెటిన్‌లోనూ లేని విషయం మీ దగ్గర ఉంటుంది.

ఒకటి మాత్రం మీరు రాయలేదు. మీ పల్లంలో నీళ్లు దేవీ నవరాత్రులకే తీస్తాయా, కార్తీక పున్నమి దాకా ఉంటాయా? మునిగితే వంశధార నీళ్లతోనా, పైనుంచి దిగే గెడ్డ నీళ్లతోనా? అది చెప్తే మూడో చారలో ఏ రకం వేయాలో చెప్పగలను.